గుర్తుందని చెప్పొద్దు

ఉద్యోగ జీవితమంతా నేను ఎవరూ చదవని పుస్తకాలు రాశాను. సూరత్ పక్కన హజీరా వైపు ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో మెయింటెనెన్స్ మాన్యువల్స్ రాసే విభాగం నాది. పంపు ఎలా విప్పాలి, వాల్వు ఎలా బిగించాలి, ఏ నూనె ఎప్పుడు మార్చాలి, ఇవన్నీ బొమ్మలతో సహా రాసి, అట్ట వేయించి ప్లాంటుకు పంపేవాళ్లం. అక్కడ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. పంపు చెడిపోతే ఒక ఫిట్టర్ ఇంకో ఫిట్టర్‌ని అడిగి బాగుచేసేవాడు. ఒకసారి తనిఖీకి వెళ్తే నా పుస్తకం ఒకటి ఊగుతున్న బల్ల కాలి కింద కనిపించింది. పోనీలే, దేనికో ఒకదానికి పనికొచ్చిందని సంతోషించాను.

అలాంటి నాకు రిటైరయ్యాక ఒక పాఠకుడు దొరికాడు. నేను రాసిన ప్రతి మాటా చదివాడు, చదివింది చదివినట్టే చేశాడు, మా కొంప ముంచాడు. పాఠకుడు అన్నాను గానీ మనిషి కాదు. ఇప్పుడిప్పుడే రాత ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లల కోసం ఆ సంగతి చెబుతాను. ముందుముందు మీకు ఇలాంటి పాఠకులే ఎక్కువ దొరకబోతున్నారు.

నన్ను ఈ పనిలోకి లాగింది సూరత్‌లో ఉన్ అనే పేటలో ఉండే ఒక నేత కుటుంబం పిల్ల. వాళ్ల తాత కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గం పట్టుకున్నాడు. ఈ పిల్ల ఇక్కడే పుట్టి, ఇక్కడే కంప్యూటర్లు చదివింది. తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని హిందీలో నడిపి గుజరాతీలో దింపుతుంది. బతుకమ్మ ఆడేచోట పరిచయమై, నేనేం చేసేదాన్నో తెలుసుకుని, ఒకరోజు ఇంటికొచ్చింది.

"ఆంటీ, మా ఆఫీస్‌ల రాసెటోళ్లు లేరు. నేను ఒక టూల్ తయారుజేసిన. గది ఎట్ల వాడాల్నో ఎవరన్న రాయాలె. మీరు జర వస్తరా?"

ఇంట్లో ఖాళీగా కూర్చుని మా వారికి ఉప్పు తగ్గించమని చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. వెంటనే ఒప్పుకున్నాను.

ఆఫీసు వరాఛా పేటలో, వజ్రాలు సానపట్టే కార్ఖానా పైఅంతస్తులో. బాస్‌ది ఆ వజ్రాలవాళ్ల ఇల్లే. ఇంట్లో అందరూ రాళ్లు పట్టుకుంటే ఈయన కంప్యూటర్ పట్టుకున్నాడు. వయసులో మా అబ్బాయి కన్నా చిన్న. నన్ను "బెన్" అనేవాడు, గుజరాతీలో అక్కా అని. మాటలన్నీ హిందీలోనే.

పని ఇది. మరమగ్గాలు బాగుచేసే సర్వీస్ సెంటర్ ఒకటి మాకు కస్టమర్. ఊరి బయట సచిన్ నుంచి పల్సాణా దాకా వాళ్లు చూసే మగ్గాల షెడ్లున్నాయి. మగ్గం ఆగితే నేత కార్మికుడు ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపుతాడు. దాన్ని విని ఫిర్యాదు రాసుకోవడం, మెకానిక్‌ని పురమాయించడం, తిరిగి ఫోన్ చేసి చెప్పడం ఇవన్నీ ఏఐ ఏజెంట్ చేస్తుంది. ఏజెంట్ అంటే తనంతట తాను పని చక్కబెట్టే సాఫ్ట్‌వేర్. తెలుగు, హిందీ, గుజరాతీ, ఒడియా అన్నీ మాట్లాడుతుంది. కానీ ఒక పని ముగియగానే దానికి అంతా మరుపే. రేపు అదే మనిషి ఫోన్ చేస్తే కొత్తవాడే. అందుకని ఎవరేం చెప్పారో ఒకచోట దాచిపెట్టి, కావలసినప్పుడు వెతికి తీసిచ్చే టూల్ ఈ పిల్ల తయారుచేసింది. ఆ టూల్ ఎప్పుడు వాడాలో, ఎలా వాడాలో రాయడం నా పని. ఆ రాతను మొదట చదివేది ఏజెంటే. చదివి, దాన్నిబట్టి నడుచుకుంటుంది.

ఈ చివరి ముక్క నాకు చెప్పారు. నేను విన్నాను. మనసుకు పట్టించుకోలేదు.

శుభ్రంగా, మర్యాదగా, ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ రాశాను. మా ప్రభుత్వ రంగంలో ఒక వాక్యం ఉంది. అది లేని మాన్యువల్ లేదు. "అవసరాన్ని బట్టి దీనిని ఉపయోగించవచ్చును." చాలా గొప్ప వాక్యం అది. ఉపయోగించి చెడగొడితే అవసరం లేకుండా ఎందుకు ఉపయోగించావని అడగొచ్చు. ఉపయోగించకుండా చెడగొడితే అవసరమని తెలియదా అని అడగొచ్చు. రాసినవాళ్ల మీదకి మాత్రం ఏదీ రాదు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టి, బాస్‌కి చూపించాను. ఆయన రాయిని పరీక్షించినట్టు తిప్పి తిప్పి చదివి, బాగుందన్నాడు.

ఏజెంట్ కూడా చదివింది. దానికి ఏ రోజూ అవసరం కనిపించలేదు.

మాకు ఈ సంగతి తెలిసింది పల్సాణా దగ్గర జోల్వాలో పనిచేసే ఒక కార్మికుడి వల్ల. యాభై దాటిన మనిషి, తెలంగాణవాడే. ఆయన ఫిర్యాదులు మాటిమాటికీ "కస్టమర్ జవాబివ్వలేదు" అని మూసేసి ఉన్నాయి. ఎందుకో చూడమని సర్వీస్ సెంటర్ అడిగితే ఈ పిల్ల ఆయన పంపిన మాటలన్నీ ముందేసుకుని వింది. విని, చెవిలోని ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది.

"ఆంటీ, గిది వినుండ్రి."

మెల్లటి గొంతు. "సాంచా ఆగింది. నాకు ఫోన్ల మాట సమజ్ గాదమ్మా, చెవులు వినబడయి. జర రాసి పంపుండ్రి." తర్వాతది విన్నాను. అదే మాట, అదే ఓపిక. దాని తర్వాతది కూడా. సాంచా అంటే వాళ్ల మాటలో మగ్గం. ప్రతిసారీ ఆయన ముందు తనకు వినబడదని చెప్పుకుంటాడు, ప్రతిసారీ ఏజెంట్ ఫోన్ చేస్తుంది. షెడ్డు రొదలో ఆయనకు గంట వినబడదు, వినబడినా మాట అర్థం కాదు. జవాబు రాలేదని ఏజెంట్ ఫిర్యాదు మూసేస్తుంది. చివరి రికార్డులో మాత్రం గొంతు మారింది. "గింతకుముందు జెప్పిన గద. ఎన్నిసార్లు జెప్పుకోవాలె?"

ఆయన చెప్పిన ప్రతిదీ టూల్‌లో భద్రంగా ఉంది. ఏజెంట్ ఒక్కసారీ తెరిచి చూడలేదు. చూడవచ్చును అని రాసినదాన్ని నేనే కదా.

సరే, మార్చాలి. ఇక్కడ బాస్ తలదూర్చాడు. "బెన్, ఈ మెత్తటి మాటలు వద్దు. ప్రతిసారీ, తప్పకుండా, అంతా చూడమని రాయండి. నాకు మీరు గుర్తున్నారు అని కస్టమర్‌తో అనమనండి. అది వింటే ఎవరైనా పడిపోతారు." నాకూ ఉక్రోషంగా ఉంది. అలాగే రాశాను. పిల్ల కూడా సరేనంది. ముగ్గురం కలిసి చేసిన ఘనకార్యం అది.

ఆ వారంలోనే జోల్వా ఆయన సాంచా మళ్లీ ఆగింది. ఏజెంట్ ఈసారి అంతా చూసింది. ఆయనకు రాసి పంపింది కూడా. అక్కడితో ఆగితే బాగుండేది. మెకానిక్ వచ్చే వేళ చెప్పడానికి షెడ్డు మాస్టర్‌కి, అంటే పని చూసే మేస్త్రీకి ఫోన్ చేసి, ఎంతో వినయంగా ఇలా అంది: "మీ దగ్గర పనిచేసే ఆయనకు చెవులు వినబడవని నాకు గుర్తుంది. అందుకని మీకు కూడా చెబుతున్నాను."

మాస్టర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని టీ తాగుతున్నాడట. చుట్టూ పది మంది ఉన్నారట.

అప్పటిదాకా ఆయన సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు. షెడ్డు యజమాని సేఠ్ చెవిన పడింది. వినబడని మనిషికి సాంచాలెందుకు, వేరేవాళ్లకు ఇచ్చెయ్యండి అన్నాడని సర్వీస్ సెంటర్ ద్వారా మాకు తెలిసింది. సూరత్‌లో నేత మనిషి చేతిలోంచి సాంచాలు పోతే ఏమవుతుందో నాకు ఆ పిల్ల ముఖం చూస్తే అర్థమైంది. ఆమె స్కూటీ తాళం తీసుకుంది. నేను వెనక కూర్చున్నాను. నా వయసులో హైవే మీద స్కూటీ వెనక కూర్చోవడం ఎలా ఉంటుందో ఇంకెప్పుడైనా చెబుతాను.

మేం వెళ్లేసరికి పాళీ మారే వేళ. పగలు చేసినవాళ్లు దిగి, రాత్రివాళ్లు ఎక్కుతున్నారు. మాస్టర్ గుమ్మం దగ్గరే దొరికాడు. హిందీలో మర్యాదగానే మాట్లాడాడు.

"నాకు ఆయన మీద పగేం లేదు బెన్. కానీ ఫిర్యాదు చేస్తాడు, ఫోన్ ఎత్తడు, మెకానిక్ రాడు, సాంచా నిలబడుతుంది. సేఠ్ నన్ను అడుగుతాడు. వినబడని మనిషితో పని ఎలా?"

మా పిల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ లోపలికి నడిచింది. మాస్టర్ కూడా వెంట నడిచాడు. మగ్గాలన్నీ నడుస్తున్నాయి. నాకు నేల కింద నుంచి పళ్లలోకి ఎక్కింది ఆ చప్పుడు. పిల్ల ఆగకుండా ఏదో చెబుతూనే ఉంది. మాస్టర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "క్యా? క్యా?" అన్నాడు. ఆమె ఇంకాసేపు పెదవులాడించింది. అప్పుడు గానీ ఆయనకు అర్థం కాలేదు. నవ్వాపుకోలేక ఆమె భుజం మీద తట్టి బయటికి తీసుకొచ్చాడు.

"సరే బేటీ, లోపల ఎవరికి వినబడుతుంది," అన్నాడు. "అయితే ఒక్కటే. ఫిర్యాదు సంగతి మీరు సరిచెయ్యండి. సాంచా ఊరికే నిలబడకపోతే సేఠ్‌కి నేను సర్దిచెబుతాను. ఇప్పుడెక్కిన బీము దిగేదాకా చూస్తాను."

బీము అంటే పడుగు చుట్టిన పెద్ద రోలు. అది అయిపోతే కొత్తది ఎక్కిస్తారు. వాళ్లకు గడువులు క్యాలెండర్‌లో కాదు, బీములో ఉంటాయి. పాత బీము దిగాక కొత్త బీము ఆయనకు ఎక్కిస్తారా, ఇంకొకరికి ఎక్కిస్తారా అన్నదే ప్రశ్న.

అప్పుడే, మాస్టర్ చూపిస్తే, గుమ్మంలోంచి ఆ కార్మికుణ్ని చూశాను. పాళీ అప్పగిస్తున్నాడు. అవతల వచ్చినవాడు కుర్రవాడు కాదు, ఈయన ఈడువాడే. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఈయన అతని చెయ్యి పట్టుకుని, బట్ట అంచు దగ్గరకు తీసుకెళ్లి, పోగు తెగుతున్న చోట వేళ్లు ఆనించాడు. అతను తడిమి, తలూపాడు. ఇంకో సాంచా దగ్గర కూడా అంతే. మిగతావాటి ముందు ఆగనేలేదు, అవి బాగానే నడుస్తున్నాయి కాబట్టి. చుట్టూ చూస్తే ప్రతి వరుసలోనూ ఇదే. ఒకరి చేతిలో ఇంకొకరి చెయ్యి. అందరూ ఇలాగే అప్పగించుకుంటారు అక్కడ, ఎన్నో ఏళ్లుగా.

ఆయన బయటికొచ్చాక పిల్ల ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా మెల్లగా మేమెవరమో చెప్పింది. ఆయన మమ్మల్ని తిడతాడనుకున్నాను. తిడితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"మీ మిషన్ చెప్పింది అబద్ధమేం గాదు బిడ్డా," అన్నాడు. "గని నేను మీకు జెప్పిన. మాస్టర్‌కు జెప్పలే."

నాకు సిగ్గేసింది.

"మళ్ల గట్ల గాదు కాకా," అంది పిల్ల.

"గాకుంటె మంచిదే," అని ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచిపోయాడు.

తిరుగు దారిలో ఆ చేతులే కళ్ల ముందు ఉన్నాయి. పాళీ అప్పగించేవాడికి ఆ సాంచా పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు. అవన్నీ ఏకరువు పెట్టడు. ఇప్పుడు ఏది కావాలో అక్కడ చెయ్యి పెడతాడు, వెళ్లిపోతాడు. నాకు ఇంత తెలుసు అని చెప్పుకోవడానికి ఆ చప్పుడులో వీలే లేదు. మేం ఆ ఏజెంట్‌కి నోరు ఇచ్చాం. ఎప్పుడు మూసుకోవాలో చెప్పలేదు.

మర్నాడు ఆ పిల్లా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. నేను ఒక వాక్యం రాస్తే, దాన్ని ఏజెంట్‌కి చదివించి, పాత ఫిర్యాదులు మళ్లీ ఇచ్చి, ఏం చేస్తుందో ఆమె చూసేది. జీవితంలో మొదటిసారి నేను రాసిన వాక్యం కళ్ల ముందు నడవడం చూశాను. ఎక్కడ తడబడిందో అక్కడ వాక్యం మార్చేదాన్ని. చివరికి నిలిచినవి ఇవి. ఇంగ్లీషులో రాసినా, తెలుగులో చెబుతున్నాను. "ఒక మనిషిని పలకరించే ముందు, ఆ మనిషి తనతో ఎలా మాట్లాడమన్నాడో చూడు. ఇప్పటి పనికి కావలసినంతే తీసుకో. ఒకరు తమ గురించి చెప్పినది ఇంకొకరికి చెప్పకు. గుర్తుందని చెప్పకు, గుర్తున్నట్టు నడుచుకో." ఎవరు చెప్పిన మాట వాళ్ల పనికి తప్ప ఇంకెవరి ఫోన్‌లోకీ రాకుండా ఆ పిల్ల టూల్‌లోనే కట్టడి చేసింది. రాతను నమ్ముకోవడం నాకు ఇష్టమే గానీ, తాళం ఉండటం ఇంకా మంచిది.

బాస్ చివరి వాక్యం దగ్గర ఆగాడు.

"బెన్, ఇది వద్దు. గుర్తుందని చెప్పడమే మన గొప్ప. అది కూడా చెప్పకపోతే కస్టమర్‌కి మనం ఏం చేశామో ఎలా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు," అన్నాను.

"తెలియకపోతే అమ్మేదెలా?"

నాకు కోపం తొందరగా వస్తుంది. మా విభాగంలో అందరికీ తెలుసు. "ఈ వాక్యం తీసేస్తే దీనిమీద నా పేరు కూడా తీసెయ్యండి," అన్నాను.

ఆయన స్క్రీన్ పైనుంచి కిందిదాకా చూశాడు. "బెన్, దీనిమీద మీ పేరు ఎక్కడుంది?"

లేదు. ఎక్కడా లేదు. ముందు పిల్ల నవ్వింది, తర్వాత నేను, తర్వాత ఆయన. నవ్వు అయ్యాక కాసేపు గడ్డం గోక్కుని, "ఉంచండి. సర్వీస్ సెంటర్ వాళ్లు అడిగితే మీరే మాట్లాడుకోండి," అన్నాడు. వాళ్లు ఇంతవరకూ అడగలేదు.

బీము ఇంకా కొంచెం ఉందనగా జోల్వా ఆయన సాంచా మళ్లీ ఆగింది. ఆయన మాట పంపాడు, ఎప్పటిలాగే వినబడదని చెప్పుకుని. ఆ పిల్ల స్క్రీన్ మీద ఏజెంట్ చేసే ఒక్కో పనీ కనబడుతుంది. మేమిద్దరం కళ్లార్పకుండా చూస్తున్నాం. ముందు టూల్ తెరిచింది. ఆయన సంగతి చూసింది. ఫోన్ చెయ్యలేదు. పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసింది: "మెకానిక్ మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తాడు. అప్పటిదాకా ఆ సాంచా ఆపి ఉంచండి." మాస్టర్‌కి ఫోన్ చేసి మెకానిక్ వచ్చే వేళ ఒక్కటే చెప్పి పెట్టేసింది. అంతే.

కొంతసేపటికి ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "సరే."

ఇంకేమైనా వస్తుందేమో అని చూశాం. రాలేదు.

"గంతేనా ఆంటీ?" అంది పిల్ల. పాపం, ఆమె ముఖం వాడిపోయింది. ఎంత పని చేసింది ఆ టూల్ మీద. ఒక మంచి మాట కోసం చూసింది.

"నేను రాసినవాటికి సరే అన్నవాళ్లు కూడా లేరమ్మా," అన్నాను. ఓదార్పుగా అన్నాను గానీ, నిజానికి నాకూ ఏదో వెలితిగానే ఉంది.

బీము దిగింది. కొత్త బీము ఆయనకే ఎక్కించారని సర్వీస్ సెంటర్ నుంచి కబురొచ్చింది. ఆ రోజు పిల్ల అందరికీ లోచో అనే సూరత్ టిఫిన్ తెప్పించింది. బాస్ పైన కారప్పూస ఎక్కువ చల్లుకుని తిన్నాడు.

అసలు సంగతి తర్వాత జరిగింది. వానలు మొదలయ్యాక ఒకరోజు నేను వేరే ఏదో రాసుకుంటుంటే, పిల్ల వచ్చి నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి ఒక రికార్డు వినిపించింది. ఆయన గొంతే. "రెండో సాంచా పోగు తెంపుతాంది. మనిషిని తోలుండ్రి." అంతటితో ఆగిపోయింది.

"బాగానే ఉందిగా. ఏమిటి ఇందులో?" అన్నాను.

ఆమె మళ్లీ పెట్టింది. రెండో సాంచా పోగు తెంపుతాంది, మనిషిని తోలుండ్రి. ఇంకా ఏదో ఉండాలని వింటున్నాను. రావలసిన మాట రావడం లేదు.

అప్పుడు అర్థమైంది. నాకు చెవులు వినబడవమ్మా, రాసి పంపుండ్రి అనే మాట లేదు. ఇన్నాళ్లూ ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ ఆయన మొదట చెప్పుకోవలసి వచ్చిన ఆ మాట ఆయన మానేశాడు. చెప్పాల్సిన పనిలేదని ఎప్పుడో ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. బహుశా మానేశానని ఆయనకే తెలియదు.

పిల్ల నా వైపు చూసి నవ్వుతోంది. నాకు కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. నేను రాసింది చదివి ఎవరో సరిగ్గా నడుచుకున్నారు అనడానికి నా మొత్తం ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన రుజువు అది ఒక్కటే. ఒక మనిషి ఇక చెప్పుకోనక్కర్లేని ఒక మాట.

"ఇంకోసారి పెట్టవే," అన్నాను.